యాభై ఎనిమిదో సెకను

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడకు ఓ పేరుండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరూ లేరు. అందరికీ ఆవిడ సెకన్లక్క. కుట్టుమిషనుకు ఎదురుగా గోడమీద పళ్లెమంత గడియారం, దాని సన్నముల్లు మీద చూపు, చెవి దగ్గర ఫోను. ఇలా తప్ప ఆవిడ ఫోన్లో మాట్లాడగా చూసిన మనిషి లేడు. యాభై ఎనిమిదో సెకను రాగానే ఠక్కున పెట్టేస్తుంది. అవతలివాళ్లు మాట మధ్యలో ఉన్నా సరే, తుమ్ము మధ్యలో ఉన్నా సరే.

ఆవిడను పిసినారి అనుకుంటే పాపం. అప్పట్లో ఉన్నది ఒక్కటే ఫోను కంపెనీ, అదీ ఎక్కడో సముద్రాల అవతలిది. వాళ్ల లెక్క నిమిషానికి. అరవై ఒకటో సెకనులో ఊపిరి పీల్చినా రెండో నిమిషం మొత్తం గుంజేవాళ్లు. నిమిషం మాటకు ఒక చొక్కా కుట్టిన కూలి పోయేది. అందుకని ఊరు ఊరంతా గుక్కతిప్పుకోకుండా మాట్లాడటం నేర్చుకుంది. "ఉంటాను" అనడం కూడా దండగని మానేసింది. సెకన్లక్క అయితే చెప్పాల్సినవన్నీ ముందే కాగితంమీద రాసుకుని మరీ మొదలుపెట్టేది.

ఆవిడ అంతగా లెక్కపెట్టుకుని మాట్లాడేది ఒక్క చెల్లెలితోనే. తల్లి పోయాక తనే పెంచిన పిల్ల. బస్సులో మూడుగంటల దూరాన ఉన్న రేవుపట్నంలో పుస్తకాలు బైండు చేసే పనిలో ఉంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం కాగితం చదవడం పూర్తయ్యాక, చెల్లెలు "అక్కా, ఒక్క మాట" అంది. ముల్లు యాభై ఎనిమిది మీదికి వచ్చింది. ఆ ఒక్క మాటేదో వచ్చేవారం వినొచ్చులే అనుకుని అక్క పెట్టేసింది.

ఈసారి చెయ్యాల్సిన వంతు చెల్లెలిది. వచ్చేవారం ఫోను మోగలేదు. ఆ పైవారమూ అంతే. నెల తిరిగాక, జాకెట్టు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ సూదులడబ్బా పక్కన కూర్చుని, "మీ చెల్లెలి పెళ్లయిందటగా, బస్సు డ్రైవరుతో" అని చల్లగా చెప్పింది. సెకన్లక్క మిషను తొక్కడం ఆపేసింది. నలభై ఏళ్లొచ్చిన చెల్లెలు పెళ్లి చేసుకున్నందుకు కాదు, చెప్పకుండా చేసుకున్నందుకు. పుట్టిన దగ్గర్నుంచీ దాని ఒంటిమీద ప్రతి బట్టా తను కుట్టిందే. పెళ్లిబట్టలు మాత్రం ఎవరి చేతనో కుట్టించుకుంది! ఆ మాట గుండెల్లో ముల్లులా దిగిపోయింది. తనుగా ఫోను చేయకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న రోజు నుంచీ ఏడుస్తూనే ఉంది, మిషను చప్పుడు చాటున.

ఈలోగా ఊళ్లో వింత జరిగింది. ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్న కొందరు ఇంజనీర్లు, పక్కకొట్టు రేడియో బాబాయిలాంటి రిపేరు చేతులను కూడగట్టుకుని సొంతంగా ఫోను కంపెనీ పెట్టారు. మొదటి టవరు పిండిమర డాబా మీద లేచింది. "వీళ్లు ఫోన్లేం నడుపుతారు, సైకిళ్లు నడిపితే చాలు" అని నవ్వినవాళ్లు నవ్వారు. సెకన్లక్క నవ్వలేదు. టవర్లెక్కే వాళ్లకు నలభై ప్యాంట్లు కుట్టిపెట్టింది, మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసి, పానా పట్టేంత జేబు పెట్టి. మెచ్చుకోలుగా వాళ్లొక సిమ్ము ఇస్తే దాన్ని గుండీల డబ్బాలో పడేసింది. ఎవరితో మాట్లాడాలని?

ఒక మధ్యాహ్నం రేడియో బాబాయి చేతిలో కాగితంతో వచ్చాడు. చెవి వెనక పెన్సిలు, ముఖంలో ఏదో తెచ్చి దాచుకున్న ఆనందం.

"అమ్మాయ్, ఈ నంబరు నీదేనా చూడు."

"నాదే. ఏం?"

"మన కంపెనీలో సిమ్ము కొన్నవాళ్లు ఫారంలో ఒక్క నంబరు రాసుకోవచ్చు. బాగా దగ్గరివాళ్లది. దానికి సగం చార్జీయే. రేవుపట్నంలో ఎవరో నీ నంబరు రాశారు. అది పాత కంపెనీది కదా, కుదరదు, మార్పించమని ఫారం నాకు పంపారు."

సెకన్లక్క ఫారం అందుకుంది. 'ఆప్తుల నంబరు' అన్న గడిలో తన నంబరు. ఆ ఏడును అలా కొంకిలా రాసేది ప్రపంచంలో ఒక్కతే. పలకమీద చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే, ఎంత దిద్దించినా కొంకి పోలేదు.

"భర్త నంబరు రాయలేదా?" అంది.

"ఒక్కటే గడి ఉంది మరి."

గుండీల డబ్బా బోర్లించింది. వీధంతా దొర్లిన గుండీల్లోంచి సిమ్మును బాబాయే వెతికి ఫోన్లో వేశాడు. "ఇది సెకను లెక్క, గుర్తుపెట్టుకో. అరవై ఒకటో సెకను మాట్లాడితే ఆ ఒక్క సెకనుకే. నీ చొక్కా కూలితో పూటంతా మాట్లాడుకోవచ్చు."

రెండేళ్ల ఒట్టును తుంగలో తొక్కి ఆవిడ నంబరు నొక్కింది.

"ఎవరండీ?" అంది చెల్లెలు.

"నేనే."

"ఈవేళ కాగితం రాసుకున్నావా?" అంది చెల్లెలు, పుల్లవిరుపుగా.

"రాసుకోలేదు. నాకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నదానితో ఏం మాట్లాడాలో నాకు తెలీదు."

"చెప్పలేదా? చెప్పలేదా! 'అక్కా, ఒక్క మాట. నేను పెళ్లి చేసుకుంటున్నా, నువ్వు రావాలి' అన్నాను. ఠక్కున ఫోను పెట్టేశావు! నీకిష్టం లేదనేగా? మళ్లీ చెయ్యడానికి నాకు మొహం ఉంటుందా?"

"ఒక్క మాట అన్నదాకే విన్నానే తల్లీ! పెళ్లి అన్నావని నాకసలు..."

గడియారం ముల్లు యాభై ఎనిమిది మీదికి వచ్చింది. సెకన్లక్క బొటనవేలు ఫోను పెట్టేసింది.

రేడియో బాబాయి తల కొట్టుకున్నాడు. సెకన్లక్క తన వేలికేసి పరాయివాళ్ల వేలిని చూసినట్టు చూసింది.

"నేను పెట్టలేదు బాబాయ్! అదే పెట్టేసింది!"

మళ్లీ చేసింది. మోగి మోగి ఆగింది. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. రెండేళ్లకు దొరికిన చెల్లెల్ని నిమిషం తిరక్కుండా పోగొట్టుకున్నానని ఆవిడ కొలతల టేపు నోట్లో కుక్కుకుంది. బాబాయి స్టూలెక్కి గడియారం దించి, బోర్లా ఒళ్లో పెట్టుకుని దానిమీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెయ్యి" అన్నాడు.

ఈసారి మగ గొంతు పలికింది. "వదినగారూ, నమస్కారమండి. నేను డ్రైవర్ని. అంటే, మీ మరిదిని."

"అది ఏడుస్తోందా బాబూ?"

"ఏడుస్తోందనే పరిగెత్తుకొచ్చానండి. చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతోంది. 'యాభై ఎనిమిది, యాభై ఎనిమిది' అంటోంది. నాకేం అర్థం కావట్లేదు. ఇదిగో ఇస్తున్నా."

"అక్కా" అంది చెల్లెలు, నవ్వుతోనో ఏడుపుతోనో ఎగశ్వాసగా. "అప్పుడూ ఇంతేనా? గడియారమేనా?"

"గడియారమేనే. నా బుద్ధి తగలెయ్య, గడియారమే." ఆ తర్వాత ఆవిడ రెండేళ్లుగా మింగిన ప్రశ్న అడిగేసింది. "పెళ్లిబట్టలు ఎవరు కుట్టారు?"

"ఎవరూ కుట్టలేదు. నువ్వు కుట్టిన నీలం గౌనే వేసుకున్నా. నడుం దగ్గర పట్టక పిన్నీసు పెట్టుకున్నా. వేరేవాళ్ల చేతిది వేసుకుంటానా?"

సెకన్లక్క ఏమీ అనలేకపోయింది. చెల్లెలూ అనలేదు. అలా ఊరికే ఫోను పట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఆ ఊళ్లో అంతవరకూ ఎవరూ ఫోన్లో ఊరికే ఉండి ఎరగరు. అంత స్తోమత ఎవరికుంది గనక? అవతల బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు, మరిది దగ్గు, కిటికీ తలుపు కొట్టుకోవడం, అన్నీ ఆవిడ ఒక్కొక్కటే ఆబగా వింది. చూడని ఇల్లు చెవిలోంచి కాస్త కాస్తగా కనిపిస్తోంది.

"నడుం కొలత చెప్పు" అంది చివరికి, పెన్సిలు కోసం బాబాయి చెవి తడుముతూ.

కొలతలయ్యాయి. రంగు గురించి పోట్లాట అయింది. మరిది నిజంగానే మంచివాడా అన్న విచారణ, ఆయన పక్కనే వింటుండగా, పూర్తయింది. దీపాలు పెట్టే వేళకు బాబాయి గడియారాన్ని చంకలో పెట్టుకుని, అది తనది కాదన్న సంగతి మరిచిపోయి, ఇంటికెళ్లిపోయాడు.

"అక్కా, పొద్దుపోయింది. ఇక పెట్టెయ్" అంది చెల్లెలు.

"నేను పెట్టను. నువ్వే పెట్టు."

"ఎప్పుడూ పెట్టేది నువ్వేగా?"

"అందుకే" అంది సెకన్లక్క. "ఆ ఒక్క మాట ఇంకోసారి చెప్పు. ఈసారి చివరిదాకా వింటాను."

చెల్లెలు గొంతు సవరించుకుంది. "అక్కా, ఒక్క మాట. నేను పెళ్లి చేసుకుంటున్నా. నువ్వు రావాలి."

"వస్తానే" అంది అక్క. "రేపు పొద్దున మొదటి బస్సుకే."