సిల్వర్ క్విల్‌లో కూలి ఆట

సిల్వర్ క్విల్ హోటల్లో గెలవడమూ ఓడిపోవడమూ రెండూ నా ఉద్యోగమే. ఏది జరిగినా కూలి రోజుకు ఏడు డాలర్లు.

ఖాళీ జూదం బల్ల దగ్గరికి ఎవడూ రాడు. అందుకని లాస్ వేగస్ హోటళ్ళలో పొద్దున పదింటికే మాలాంటి కూలి ఆటగాళ్ళని బల్లల చుట్టూ నిలబెట్టేవారు. అప్పుడే గెలిచినట్టు కనబడాలని, డబ్బుకి బదులు ఆడే హోటల్ బిళ్ళలు కుప్పగా పోసి ఇచ్చేవారు. అసలు ఆటగాళ్ళతో బల్ల నిండగానే మేనేజర్ గస్ వచ్చి భుజం తట్టేవాడు. బిళ్ళలన్నీ ఆట నడిపే బల్లవాడి వైపు నెట్టి, ఖాళీ అరచేతులు చూపించి తప్పుకోవాలి. మేమెవరమో ఎవరికైనా చెప్పామా, ఆ వీధిలో ఇంకెక్కడా పని దొరకదు.

1952 మార్చిలో ఒక మంగళవారం. పాచికలు నా చేతిలో ఉన్నాయి.

“లారూ! టెలిఫోన్ బోర్డు దగ్గర కదా నీ పని?”

వెనక్కి తిరిగాను. మా అక్క థెల్డా భర్త ఆర్లో బావ, చర్చికి పెట్టుకునే టోపీతో నిలబడి ఉన్నాడు. యూటాలో మా సీడర్ బెంచ్‌లో కాఫీ కూడా పాపమే, ఎవరైనా తాగారని తెలిస్తే బిషప్ ఇంటికొచ్చి మాట్లాడతాడు. అలాంటి ఊరి మనిషి. టెలిఫోన్ పని అని ఇంటికి అబద్ధం రాసింది నేనే.

“ఇవాళ సెలవు బావా. ఊరికే సరదాకి.”

ఆయన చూపు బిళ్ళల మీదే ఉంది. “ఇదంతా నువ్వే గెలిచావా?”

ఎదురుగా గస్ సిగార్ నములుతూ నన్నే చూస్తున్నాడు. అప్పుడు బావతో ఆడిన అబద్ధం గస్‌కి భయపడి ఆడిందేనని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. బావ నన్ను పాపాత్మురాలనుకున్నా ఫరవాలేదు, ఎరగా నిలబెట్టిన కూలిదాన్నని మాత్రం తెలియకూడదు. అంతే.

“అవును బావా. చెయ్యి బాగుంది.”

ఆయన గొంతు తగ్గించాడు. “ఊరి బావికి పంపు కొందామని వచ్చాను. ఇంటింటికీ తిరిగితే ఎనిమిది వందల యాభై పోగైంది. అమ్మేవాడేమో పన్నెండు వందలకి సెంటు తగ్గనంటున్నాడు.”

“ఆ డబ్బు ఆటలో పెట్టొద్దు బావా. అక్కకి తెలిస్తే చంపేస్తుంది.”

“ఆడేది నువ్వు. నేను పక్కన నిలబడతానంతే.”

పక్కనున్న టెక్సాస్ ఆసామి పగలబడి నవ్వాడు. “ఏమయ్యా, ప్రార్థన చేసి కాస్తావా, కాసి ప్రార్థన చేస్తావా?”

బావ నా మీద యాభై కాశాడు. మొదటి విసురుకి మొత్తం ఏడో పదకొండో పడితే గెలుపు, రెండో మూడో పన్నెండో పడితే డబ్బు పోతుంది. ఆరు, ఐదు. గెలిచాం. వంద కాశాడు. నాలుగు, మూడు. మళ్ళీ గెలిచాం.

“మా మరదలండీ!” అని ఆ టెక్సాస్ వాడికి చెప్పాడు గర్వంగా.

చేతిలో వెయ్యి. ఇంకా రెండు వందలు కావాలి. రెండు వందలూ ఒకేసారి కాశాడు. రెండు పాచికల మీదా ఒకట్లే పడ్డాయి. పోయింది.

“చాలు, ఆపు,” అన్నాను.

“నీ కుప్ప చూడు. నీ చెయ్యి ఎక్కడికి పోతుంది?”

ఈ బిళ్ళలు నావి కావని ఒక్క మాట అంటే ఆగిపోయేవాడు. నేను పాచికలు విసిరాను. ఒకటి, రెండు. నాలుగు వందలు పోయాయి. మిగిలిన నాలుగు వందలూ పెట్టాడు. మళ్ళీ విసిరాను. అవీ పోయాయి.

కేకలకి జనం మూగి బల్ల నిండింది. బావ నా చెవి దగ్గరికి వంగాడు.

“సిగ్గు విడిచి అడుగుతున్నా లారూ. నువ్వు గెలిచినదాంట్లోంచి ఎనిమిది వందల యాభై ఇప్పించు. దూడల్ని అమ్మి తీరుస్తా.”

భుజం మీద గస్ చెయ్యి పడింది. “తప్పుకో అమ్మాయ్.”

బిళ్ళలన్నీ బల్లవాడి వైపు నెట్టాను. అరచేతులు చూపించాను.

బావ కుప్ప వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. “నీవి కావా?”

“కావు.”

“మరి గెలిచానన్నావు?”

గస్ ఆయన జేబులో ఒక చీటీ దోపాడు. “మా లెక్కలో టిఫిను తినెళ్ళు పెద్దాయనా.” బావ ఆ చీటీ తీసి, మడిచి, బల్ల అంచు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ఎవరైనా లేచి మనసులోది చెప్పుకోవచ్చు. ఏప్రిల్‌లో అక్క ఉత్తరం వచ్చింది. బావ అందరి ముందూ లేచి నిలబడి, పంపు డబ్బు పాచికల్లో పోగొట్టానని చెప్పాడట. నిన్నక్కడికి ఎవరు తీసుకెళ్ళారని బిషప్ అడిగితే, “నా కాళ్ళే,” అన్నాడట. ఊరివాళ్ళ డబ్బు తీర్చడానికి ఆవులన్నీ అమ్మేశారు. పంపు రాలేదు కనుక అక్క రెండు మైళ్ళ అవతల నుంచి నీళ్ళు మోస్తోంది.

చివర ఇలా రాసింది: “నువ్వూ ఆ ఊళ్ళోనే ఉన్నావు కదా. ఆ రోజు నిన్ను కలిశాడా? అడిగితే నోరు విప్పడు.”

జరిగింది జరిగినట్టు మూడుసార్లు రాశాను. మూడూ చింపేశాను. పోస్టు చేసిన కాగితంలో రెండే వాక్యాలున్నాయి.

“లేదక్కా. కలిసుంటే ఆపేదాన్ని.”