గడప దాటని పిల్ల

గరాజ్‌లో కారుకీ పాత ట్రెడ్‌మిల్‌కీ మధ్య ఉన్న కరెంటు పొయ్యి మీద త్రివేణి గుడ్లు ఉడకబెడుతోంది. వంటింట్లో గుడ్డు ఉడకకూడదన్నది అత్తగారు ఉమామహేశ్వరి పెట్టిన నియమం. ఆవిడ ఏటా ఆర్నెల్లు అమెరికాలో, ఈ నేపర్‌విల్ ఇంట్లో, ఆర్నెల్లు విజయవాడలో ఉంటారు గానీ, ఆ నియమం మాత్రం పన్నెండు నెలలూ ఇక్కడే ఉంటుంది. కొడుకు దివాకర్ ఆఫీసు క్యాంటీన్‌లో ఆమ్లెట్ తింటాడని ఆవిడకి తెలియక కాదు. మగవాడు బయట తిన్నది బయటే అరిగిపోతుందని ఆ ఇంటి నమ్మకం.

ఆవేళ ఈస్టర్ ఆదివారం. సాయంత్రం వీధిలోని పిల్లలంతా వీళ్ళ పెరట్లో రంగు గుడ్లు వెతుక్కోవడానికి వస్తారు. ఈ ఏడు మా ఇంట్లో పెట్టుకోండి అని దివాకర్ వారం కిందటే మాటిచ్చేశాడు. మాటివ్వడం అతని పని, మిగతాది ఆమె పని. అది చాలనట్టు కొత్తగా వచ్చిన మేనేజర్ జగదీష్‌నీ, అతని భార్య వసుమతినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. "సింపుల్‌గా కానిచ్చెయ్, హడావుడి వద్దు," అంటూనే పులిహోర, గుత్తివంకాయ, మజ్జిగపులుసు, బొబ్బట్లు అని పేర్లు చెప్పి స్నానానికి వెళ్ళాడు.

వసుమతి కాస్త ముందే వచ్చి, సాయం చేస్తానంటూ త్రివేణి వెనకాలే గరాజ్‌లోకి వచ్చింది. గిన్నెలో ఉల్లిపొట్టు మధ్య ఉడికిన గుడ్లు ఎర్రమట్టి రంగు తేలి ఉన్నాయి.

"అక్కా, ఈ కలర్ భలే వచ్చిందే. మేం స్టోర్‌లో డై కొంటాం. ఎక్కడ నేర్చుకున్నారు మీరు?"

"యూట్యూబ్‌లో చూశాను," అంది త్రివేణి.

ఇరవై రెండేళ్ళుగా ఆమెకి తెలిసినవాటన్నిటికీ ఇలాగే ఒక చోటు చెప్పాల్సి వస్తోంది. మొదట్లో ఏదో పత్రికలో చదివాననేది. తర్వాత టీవీలో చూశాననేది. యూట్యూబ్ వచ్చాక పని తేలికైంది.

గుడ్లకి ఉల్లిపొట్టు రంగు పట్టించడం నేర్పింది ఓర్నెల్లా. ఇటలీలో కొండ మీద పెరూజియా అనే ఊరుంది. అక్కడ త్రివేణి అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆవిడ. త్రివేణిది హిందూపురం. చిన్నప్పుడు లేపాక్షి గుడి పైకప్పు మీద పెచ్చులూడుతున్న బొమ్మల్ని మెడ పట్టేసేదాకా చూస్తూ నిలబడేది. హైదరాబాద్‌లో బొమ్మల చదువు చదివి, పాత గోడబొమ్మల్ని బాగుచేసే విద్య నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద పెరూజియా వెళ్ళింది. రెండేళ్ళు అక్కడే ఉంది. ఈ సంగతి ఈ ఇంట్లో ఆమెతోపాటు భర్తకీ అత్తగారికీ తెలుసు. కడుపున పుట్టిన కూతురు మనీషాకి తెలియదు.

"పిల్ల బంగారం, వదినగారూ. మాకు నచ్చింది," అన్నారు పెళ్ళి మాటలప్పుడు ఉమామహేశ్వరి, త్రివేణి తల్లితో. "ఆ ఇటలీ ఊసొక్కటి ఎక్కడా ఎత్తకండి. పెళ్ళికాని పిల్ల రెండేళ్ళు పరాయి దేశంలో ఒంటరిగా ఉందంటే నలుగురి నోళ్ళూ మనం మూయించగలమా? హైదరాబాద్‌లో చదువుకుని ఇంటిపట్టున ఉందని చెబుదాం." అప్పటికి దివాకర్ అమెరికాలో ఒంటరిగా ఆరేళ్ళ నుంచి ఉంటున్నాడు. అబ్బాయి విషయంలో అది అర్హత. అమ్మాయి విషయంలో అదే మచ్చ. త్రివేణి తండ్రి తల దించుకుని సరేనన్నాడు. దివాకర్ ఫోన్ చేసి, "నాకేం పట్టింపు లేదు త్రివేణీ. అయామ్ నాట్ దట్ టైప్. జస్ట్ అమ్మ కోసం. ఒక్క మాట చెప్పకపోతే ఏం పోతుంది?" అన్నాడు. ఏం పోతుందో అప్పుడు ఆమెకీ తెలియదు. దాచిపెట్టడానికి అక్కడ ప్రేమకథ లేదు, ఏ మగవాడూ లేడు. దాచాల్సింది తననే. అది అర్థమయ్యేసరికి దాచడం బాగా అలవాటైపోయింది. స్నేహితురాళ్ళ ఉత్తరాలకి జవాబులు రాయడం మానేసింది. ఇటాలియన్ మాట ఏదైనా నాలుక చివరికొస్తే మింగేయడం నేర్చుకుంది. నిరుడు తను ఫ్రంట్ డెస్క్‌లో పనిచేసే పంటి డాక్టరు క్లినిక్‌కి ఒక ఇటలీ ముసలావిడ వచ్చింది. కొడుకు కారు పార్క్ చేసి వచ్చేలోపు, ఎక్కడ నొప్పో ఇంగ్లీషులో చెప్పలేక దవడ పట్టుకుని ఏడ్చింది. ఆవిడ చెప్పే ప్రతి మాటా త్రివేణికి అర్థమవుతూనే ఉంది. కానీ ఎదురు కుర్చీలో దివాకర్ స్నేహితుడి భార్య కూర్చుని ఉంది. త్రివేణి కంప్యూటర్‌లోకి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు తన మీద తనకే పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

మొదటి ఈస్టర్ ఆమెకి బాగా గుర్తు. ముందురోజు శనివారం ఓర్నెల్లా ఒక బుట్టలో ఉల్లిపొట్టు గుడ్లూ, చీజ్ కలిపి కాల్చిన ఎత్తైన రొట్టే సర్ది, పైన ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పి త్రివేణి చేతికిచ్చింది. చర్చిలో ఆడవాళ్ళంతా బుట్టలు వరసగా పెడితే ఫాదర్ వాటి మీద నీళ్ళు చల్లుతాడు. మన గుళ్ళో తీర్థంలాగే. నేను హిందువుని కదా, పట్టుకోవచ్చా అని త్రివేణి తటపటాయిస్తే, "బుట్టకేం తెలుసు? జారవిడవకుండా పట్టుకో చాలు," అంది ఓర్నెల్లా. మర్నాడు పొద్దున్నే అందరూ ముందు ఆ గుడ్లే తిన్నారు. మధ్యాహ్నం బల్ల నిండా చుట్టాలు. అందరికీ గొర్రెమాంసం, త్రివేణికి వేరే గిన్నెలో గుండ్రటి ఏదో కూర. అది ఆర్టిచోక్ అని తర్వాత తెలిసింది. అంతమంది కూర్చుని ఉంటే తను కూర్చుని తినడం ఆమెకి చేతకాలేదు. ఒకళ్ళకి నీళ్ళు, ఒకళ్ళకి రొట్టె అంటూ లేస్తూనే ఉంది. పెద్దవాళ్ళు తినకుండా తింటే కళ్ళుపోతాయని పెంచారాయె. ఓర్నెల్లా భుజం పట్టి కూర్చోబెట్టి, "ఇంకోసారి లేచావంటే కాళ్ళు కుర్చీకి కట్టేస్తాను," అంది. బల్లంతా నవ్వింది. అదేదో స్వర్గమని కాదు. అక్కడి మగవాళ్ళు కూడా తిన్న కంచం తీయలేదు, మూడు రోజులు వండింది ఓర్నెల్లాయే. కానీ వండినావిడ బల్ల మధ్యలో కూర్చుని, అందరి మాటలకీ అడ్డం పడుతూ, వేడివేడిగా తిన్నది. సోమవారం అక్కడ సెలవు. ఊరంతా పిక్నిక్‌కి పోతారు. క్రిస్మస్ మీవాళ్ళతో, ఈస్టర్ నీకు నచ్చినవాళ్ళతో అని వాళ్ళకో సామెత ఉంది. త్రివేణి తోటి విద్యార్థులతో కలిసి రైలెక్కి చెరువు ఒడ్డుకు వెళ్ళింది. ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు. గది తాళంచెవి తన జేబులోనే ఉంది. అంత తేలిగ్గా ఆమె మళ్ళీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

కిందటి శరదృతువులో యూనివర్సిటీ నుంచి వచ్చిన మనీషా ఆ ఊరి పేరు చెప్పింది. "అమ్మా, స్ప్రింగ్ సెమిస్టర్ ఇటలీలో చేస్తా. పెరూజియా. చాలా క్యూట్ ఉంది టౌన్." చదివేది కంప్యూటర్లైనా దానికి బొమ్మల పిచ్చి. ఆ పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందోనని దివాకర్ ఏమీ తెలియనట్టు నవ్వుతూ ఉంటాడు. ఆ మాట విన్నప్పుడు త్రివేణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి దివాకర్, "ఒక్క సెమిస్టరేగా, వెళ్ళనీ. నువ్వు మాత్రం నోరు జారకు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు దానికి కన్ఫ్యూజన్?" అన్నాడు. ఆమె జారలేదు. మెట్లు ఎక్కువ, గట్టి బూట్లు పట్టుకెళ్ళమని మాత్రం చెప్పింది. నీకెలా తెలుసని పిల్ల అడిగితే దానికీ యూట్యూబే దిక్కయింది.

గుడ్లు తుడిచి బుట్టలో సర్ది త్రివేణి లోపలికి వచ్చేసరికి జగదీష్, దివాకర్ డైనింగ్ టేబుల్ దగ్గర గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్ గురించి మాట్లాడుకుంటున్నారు. అత్తగారు కాళ్ళ నొప్పులని పాదాల కింద పీట వేయించుకుని కూర్చున్నారు. త్రివేణి వడ్డించింది. వసుమతి, "మీరూ కూర్చోండక్కా," అంటే, "తను మా అందరి తర్వాతే తింటుంది, అలవాటు," అని దివాకరే జవాబు చెప్పాడు. రెండోసారి బొబ్బట్లు వేస్తుండగా అతని ఫోన్ మోగింది. మనీషా వీడియో కాల్. అతను ఫోన్‌ని నీళ్ళ జగ్గుకి ఆనించి అందరికీ కనిపించేలా పెట్టాడు.

"హ్యాపీ ఈస్టర్ నాన్నా. హాయ్ అంకుల్, హాయ్ ఆంటీ. నానమ్మా, బాగున్నావా?" పిల్ల బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "రోజంతా తింటూనే ఉన్నాం ఇక్కడ. నాన్నా, ఐ హావ్ న్యూస్. చర్చి వాల్ పెయింటింగ్స్ బాగుచేసే వర్క్‌షాప్‌లో నన్ను తీసుకున్నారు. వన్ ఇయర్. కాలేజ్‌తో కూడా మాట్లాడాను, లీవ్ ఇస్తారు. నేను ఇక్కడే ఉండాలని అనుకుంటున్నా."

దివాకర్ జగదీష్ వంక చూసి నవ్వాడు. అతిథుల ముందు కోపం వస్తే అతను నవ్వుతాడు. "గ్రేట్ నాన్నా. ఫస్ట్ ఇంటికి రా. వచ్చాక మాట్లాడదాం."

"ఇంటికొస్తే వద్దంటావ్. ఐ నో యూ."

"ఇదేం పిచ్చి మనీషా. కంప్యూటర్ సైన్స్ వదిలేసి గోడలు కడుగుతావా?"

ఉమామహేశ్వరి ఫోన్ వైపు వంగారు. "తల్లీ, మీ నాన్న చదువు గురించి చెప్పాడు, నేను పరువు గురించి చెబుతున్నా. నాలుగు నెలలంటే సరే అన్నాం. ఆడపిల్ల ఏడాది పొడుగునా ఒంటరిగా ఉండటం మన ఇంటావంటా లేదు. మీ అమ్మని చూడు. పెళ్ళయ్యేదాకా గడప దాటిన పిల్ల కాదు. కాబట్టే ఇవాళ ఇంత గౌరవంగా బతుకుతోంది."

ఆవిడ ఆ మాట తడుముకోకుండా అన్నారు. త్రివేణి వంక చూడనైనా చూడలేదు. కట్టిన కథ చెప్పీ చెప్పీ ఆవిడకి నిజమైపోయిందేమో. ఇన్నేళ్ళూ ఆ అబద్ధం తననొక్కదాన్నే మింగిందని త్రివేణి అనుకుంటూ వచ్చింది. అది తిరిగి తిరిగి ఇప్పుడు తన కూతురి కాళ్ళకి చుట్టుకుంటోంది. దాన్ని కట్టడానికి తాడు తన దగ్గర నుంచే తీసుకున్నారు.

ఫోన్‌లో పిల్ల ముఖం చిన్నబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. "అమ్మా, నువ్వు చెప్పు," అంది. "నానమ్మ వద్దన్నా నాన్న వద్దన్నా నేను ఫైట్ చేస్తా. నువ్వు వద్దంటే మాత్రం మేలో వచ్చేస్తా. ప్రామిస్. నువ్వే చెప్పు."

దివాకర్ త్రివేణి వైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. నెమ్మదిగా, గౌరవంగానే ఉంటుంది, ఏం చెప్పాలో కూడా అందులోనే ఉంటుంది. "చెప్పు త్రివేణీ," అన్నాడు. "నీ మాట వింటుందట."

త్రివేణి బొబ్బట్ల పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఇప్పుడు నోరు విప్పితే ఈ ఇంట్లో రేపటి నుంచి ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. విప్పకపోతే మేలో విమానాశ్రయం నుంచి ఎవరు వస్తారో అంతకన్నా బాగా తెలుసు. చక్కగా నవ్వుతూ, అందరికీ వడ్డించి ఆఖర్న తినే పిల్ల వస్తుంది. త్రివేణి, వసుమతి పక్కన ఖాళీ కుర్చీ ఉంటే లాక్కుని కూర్చుని, ఫోన్‌ని తన వైపు తిప్పుకుంది.

"మనీ, నేను ఆ ఊళ్ళో రెండేళ్ళు చదువుకున్నాను. నువ్వు చెప్తున్న పనే. ఒంటరిగానే ఉన్నాను. మీ నాన్నకీ, నానమ్మకీ పెళ్ళికి ముందే తెలుసు."

"త్రివేణీ, దిస్ ఈజ్ నాట్ ది టైమ్," అని దివాకర్ ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆమె ఫోన్ ఎత్తి రెండు చేతులతో పట్టుకుంది. జగదీష్ కంచంలోకి చూస్తున్నాడు. వసుమతి త్రివేణినే చూస్తోంది.

"ఇక్కడా? పెరూజియాలోనా?" మనీషా గొంతు సన్నగా వచ్చింది. "అమ్మా, మరి నాకెందుకు చెప్పలేదు? ఎందుకు వదిలేసి వచ్చావ్?"

"వదిలేసి రాలేదు నాన్నా. సెప్టెంబరులో నాకూ పని మొదలవ్వాలి అక్కడ. గది ఖాళీ కూడా చెయ్యలేదు. అమ్మానాన్నల్ని చూసిపోదామని సెలవులకి ఇంటికొచ్చాను."

అటు పిల్ల ఫోన్‌కి దగ్గరగా వంగింది. ఇటు అత్తగారు ఏదో అనబోతున్నారు. త్రివేణి ఆగలేదు.

"నువ్వు సెలవులకి కూడా రావద్దు. నేనే వస్తాను."