సబ్బు మాస్టారి బద్దెపురుగు

ఆ బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారిని పిల్లలు చాటుగా సబ్బు మాస్టారనేవాళ్లు. పరాన్నజీవుల పాఠం వచ్చిందంటే చాలు, ఆయన బల్లమీద బకెట్టు, మగ్గు, సబ్బుబిళ్ల పెట్టించి, గోళ్ల సందులతో సహా చేతులెలా కడుక్కోవాలో చేసి చూపించేవాడు. ఆ పేరు ఆయన చెవినా పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు కూడా.

అలాంటి మనిషికి కిందటేడు ఒక ఉదయం మరుగుదొడ్లో తెల్లటి చదునైన ముక్కలు కనిపించాయి. సొరగింజలంత ఉన్నాయి. ఇంకొకరైతే ఏదోలే అనుకుని నీళ్లు కొట్టేసేవారు. ఆయనకి చూడగానే తెలిసిపోయింది. ఏళ్ల తరబడి నల్లబల్లమీద ఆ ముక్కల బొమ్మే గీస్తున్నాడాయె! బద్దెపురుగు. పేగు గోడకి తల తగిలించుకుని బారలకొద్దీ పెరిగి, గుడ్లతో నిండిన చివరి ముక్కల్ని తెంపి బయటికి వదిలే పురుగు. పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి వెళ్లినప్పుడు తోటి మాస్టర్లతో కలిసి తిన్న, సరిగ్గా ఉడకని పందిమాంసం గుర్తొచ్చింది.

మాత్రతో పోయే జబ్బే. కానీ ఆ మాత్ర అడగాలిగా! వీధి చివర మందుల షాపు పాత శిష్యుడిది. "మాస్టారూ, ఏం కావాలి?" అని వీధి వీధంతా వినబడేట్టు పలకరిస్తాడు. అందుకని రెండు వీధులు దాటి ఇంకో షాపుకి వెళ్లాడు. అక్కడ బడిపిల్ల తండ్రి ఒకాయన ఎదురై నమస్కారం పెట్టాడు. మాస్టారు దగ్గుబిళ్లలు కొనుక్కుని వచ్చేశాడు. రేపు చూద్దాం, సెలవుల్లో చూద్దాం అని నెట్టుకొచ్చాడు. ముక్కలు కనబడని రోజుల్లో, అదే పోయుంటుందిలే అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అలా పోదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆయన భార్య కారు నడపడం నేర్పే చోట పనిచేసేది. గేరు చూస్తేనే చెమటలు పట్టేవాళ్లని కూడా కేకలెయ్యకుండా రోడ్డెక్కించే మనిషని ఆవిడకి పేరు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండేవాళ్లు, ఆవిడ ఇంటికొచ్చేసరికి పొద్దుపోయేది. అందుకని సాయంత్రాలు కీరదోస, క్యారెట్టు తరిగి పళ్లెంలో సర్ది పెట్టడం మాస్టారి పని. ఆవిడ వచ్చీ రాగానే నిలబడే నాలుగు ముక్కలు నోట్లో వేసుకునేది.

ఒకరోజు పాఠానికీ పాఠానికీ మధ్య, ఆగి ఉన్న కారు పక్కన నిలబడి నీళ్లు తాగుతూ ఆవిడ కింద పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. తలకి స్కాన్ తీశారు.

డాక్టరమ్మ ఆ ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూపించింది. "మెదడులో చిన్న చిన్న తిత్తులున్నాయి. బద్దెపురుగు డింభకాలు, అంటే పిల్లపురుగులు."

"పందిమాంసం తింటే వచ్చేదే కదండీ అది?" అంది పక్కనే ఉన్న వదినగారు, భార్యకి అక్క. "మా చెల్లెలు కోడిగుడ్డు కూడా ముట్టదే!"

"మాంసం తింటే పేగులో పెద్దపురుగు పెరుగుతుంది. ఆ మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. ఆ మనిషి చేతుల్నించి గుడ్లు ఇంకొకళ్ల నోట్లోకి వెళితే, ఇలా తిత్తులవుతాయి. ఇంట్లో ఎవరికో పురుగుండొచ్చు. మీ వంట ముట్టేవాళ్లందరూ మలపరీక్ష చేయించుకోండి. ఇక మీరు, నేను చెప్పేదాకా బండి నడపకూడదమ్మా."

భార్య మిగతాదేదీ విన్నట్టు లేదు. "అస్సలు నడపకూడదా?" అని మాత్రం అడిగింది.

మాస్టారు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇవి చేరి చాలాకాలమై ఉండొచ్చని డాక్టరమ్మ అంటుంటే, అయితే నేను ముక్కలు చూడకముందే చేరాయేమో, అప్పటికి నాకు తెలియదు కదా అని ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి పీల్చుకున్నందుకే ఆయనకి తనమీద తనకి అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే వదినగారు తేల్చేసింది. "ఇంకెవరు? ఆ అంట్లు తోమే మనిషే. ఎక్కడెక్కడ తిరిగొస్తుందో ఏమో! ఏమంటారు మరిదిగారూ?"

ఆయన ఏమీ అనలేదు. అవునని అనలేదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదనుకున్నాడు. మర్నాడు ఆ మనిషి చేతికి పరీక్షకని డబ్బా ఇచ్చి, ఫలితం వచ్చేదాకా పనిలోకి రావద్దన్నారు. ఆవిడ డబ్బా వంకా మాస్టారి వంకా చూసింది. "నేనేం చేశానండీ?" అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. "మరి మీ పరీక్షో?" అని భార్య అడిగితే, "నేను చేయించుకున్నాలే, ఏం లేదు" అన్నాడు. ఈసారి అది అచ్చమైన అబద్ధం.

ఆ వారంలోనే క్లాసులో అదే పాఠం వచ్చింది. పరాన్నజీవికి చోటూ తిండీ ఇచ్చే ప్రాణి అతిథేయి. పురుగు పెద్దదై గుడ్లు పెట్టే ఒళ్లు ప్రధాన అతిథేయి, పిల్లపురుగు తలదాచుకునే ఒళ్లు మాధ్యమిక అతిథేయి. ఇక్కడ ప్రధాన అతిథేయి మనిషి, మాధ్యమిక అతిథేయి పంది. గుడ్లు మింగితే మనిషి కూడా పంది స్థానంలోకి వెళతాడు. ఇదంతా ఆయనకి నిద్రలో లేపినా వచ్చు. ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, అతిథేయి అంటే ఇంటికొచ్చినవాళ్లని ఆదరించేవాడు కదా. మరి ఆయనకి తెలుస్తుందా సార్, లోపల పురుగున్నట్టు?"

"తెలుస్తుంది... ఒక్కోసారి," అన్నాడు.

"మరి మందేసుకోడా?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టి, ఒంట్లో బాగాలేదని చెప్పి, గంట కొట్టకముందే బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కారు తాళాల గుత్తి ముందు పెట్టుకుని కూర్చునుంది. పనిచేసే చోట అప్పగించెయ్యాలని తుడుస్తోంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ముక్కలు, మందుల షాపు, దగ్గుబిళ్లలు, చేయించుకోని పరీక్ష.

"ఎప్పట్నించి తెలుసు?"

"ఏడాది దాటింది."

ఆవిడ ఇంకో తాళం తీసుకుని తుడిచింది. అరిస్తే బాగుండుననుకున్నాడు. చివరికి అంది, "రెండు కాన్పుల్లో నా ఒంట్లోది ఏది మీ దగ్గర దాచానండీ? మీరే కదా అన్నీ ఎత్తి పోసింది! నా దగ్గర సిగ్గేమిటి మీకు?"

"నీ దగ్గర కాదు..."

"నా దగ్గరే. ఊరందరి ముందూ సిగ్గుపడి, నాకు చెప్పకుండా నాకే తరిగి పెట్టారు." తాళాలు బల్లమీద పెట్టింది. "మా అక్కకి ఫోన్ చెయ్యండి. నేను చెప్పను. మీరే చెప్పండి, నా ఎదురుగా."

చేశాడు. అవతల వదినగారు "అయ్యో రామా" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరా తలొంచుకునే చెప్పాడు. ఆవిడ కసురుకోలేదు. మామూలుగా మాత్రలు రాసింది, ఆయన తలకీ స్కాన్ తీయించమంది. ఆ మామూలుతనం ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. మందుల చీటీ తీసుకుని వీధి చివరి షాపుకే వెళ్లాడు. శిష్యుడు చీటీ చదివి, గొంతు తగ్గించి "భోంచేశాక వేసుకోండి మాస్టారూ" అన్నాడు. అంతే.

అంట్లు తోమే ఆవిడ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆయన వాళ్లింటికి వెళ్లాడు. ఆవిడ గడపలోనే నిలబడి ఉంది, లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదమ్మా. పురుగు నాలోనే ఉంది. తెలిసీ నోరు మూసుకున్నాను. మళ్లీ పనిలోకి రా."

"ఆ డబ్బా పట్టుకుని పరీక్షకి వెళ్తుంటే మా ఆడబిడ్డ అడిగింది సార్, ఏం జబ్బు అంటుకుందని. ఇప్పుడు నా చేతి నీళ్లు తాగడం లేదు." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "నాకు వేరే ఇల్లు కుదిరింది."

"మీ ఆడబిడ్డకి నేను చెబుతాను. పిలు."

ఆవిడ లోపలికి తిరిగి కేకేసింది. ఆడబిడ్డ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, వెనకాల ఇంకో ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. సబ్బు మాస్టారు వాళ్లందరి ముందూ, తన కడుపులో ఏముందో, అది తెలిసి కూడా తనేం చేశాడో మొదట్నించీ చెప్పడం మొదలెట్టాడు.