మధ్యాహ్నం రెండు గంటల సినిమా

రెండువేల మూడు డిసెంబరు మొదటి వారంలో భీమేశ్వరరావు ఢిల్లీ ఆర్.కె.పురం స్టాపులో బస్సు దిగబోయి పడ్డాడు. కుడికాలి మడమ దగ్గర ఎముక చిట్లింది. మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, నాలుగు వారాలు ఇంట్లోంచి కదలొద్దన్నాడు డాక్టరు.

సరిగ్గా ఆ వారమే అన్నపూర్ణేశ్వరికి ఏలూరు ప్రయాణం. చెల్లెలికి పురుడు. టిక్కెట్టు ఎప్పుడో కొనేశారు. భర్త కాలు చూసి ఆమె మానేస్తానంది.

"ఎందుకూ? ఇంద్ర ఉందిగా. వెళ్ళి రా," అన్నాడాయన. అంతకుమించి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఏ ఫైలు వచ్చినా ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపందే ఆయనకు నిద్రపట్టదని ఆఫీసులో చెప్పుకునేవారు. ఇంట్లో మాట కూడా ఫైలు మీద రాతలాగే ఉండేది, రెండు ముక్కల్లో తేలిపోయేది. టీవీ అంటే ఆయన దృష్టిలో తొమ్మిది గంటల వార్తలు. మిగతాదంతా వెధవ గోల.

అన్నపూర్ణేశ్వరి రెండు మూడు వారాలకు సరిపడా పచ్చళ్ళూ పొడులూ డబ్బాలకెత్తి, వంద జాగ్రత్తలు చెప్పి రైలెక్కింది. ఇంట్లో తండ్రీ కూతురూ మిగిలారు.

ఇంద్రాణికి పద్దెనిమిదేళ్ళు. డిగ్రీ మొదటి సంవత్సరం. ఉదయం క్లాసులు చూసుకుని ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి, అన్నం వేడిచేసి తండ్రికి పెట్టేది. ఆ తర్వాత ఇద్దరికీ ఒకరితో ఒకరు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరి మాటైనా ఎవరికైనా చేరాలంటే అన్నపూర్ణేశ్వరి ద్వారానే చేరేది.

ఆ రోజుల్లో కేబుల్లో ఒక ఇంగ్లీషు ఛానెల్ వచ్చేది. డిసెంబరు నెల్లాళ్ళూ మధ్యాహ్నం రెండింటికి రోజుకో క్రిస్మస్ సినిమా వేసేవాడు. హాళ్ళలో ఆడటానికి తీసినవి కావవి, టీవీ కోసమే తీసినవి. అన్నిట్లోనూ కథ ఒకటే. మహానగరంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పని మీద చిన్న ఊరికి వస్తుంది. అక్కడ బేకరీయో బొమ్మల దుకాణమో నడుపుకునే ఒకబ్బాయి ఉంటాడు. మొదట పోట్లాడుకుంటారు. పండగ ముందురోజు ఆకాశం నుంచి దూదిలా మంచు రాలుతుంటే ఒకటవుతారు. ఇంద్రాణికి ఆ సినిమాలంటే పిచ్చి. ఏం జరగబోతోందో ముందే తెలియడంలోనే ఉంది హాయంతా. ఎవరికీ ఏ కీడూ జరగదని తెలిసి, కాళ్ళమీద రజాయి కప్పుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూడొచ్చు.

తండ్రి ఉన్నాడని మొదటిరోజు శబ్దం బాగా తగ్గించి పెట్టింది. ఆయన దివాను మీద కాలు చాపుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అరగంటైనా పేజీ తిరగలేదు.

"ఆ పిల్ల ఆ ఊరికి ఎందుకొచ్చింది?" పేపరు వెనకనుంచి వినిపించింది.

ఇంద్రాణి ఉలిక్కిపడింది. "వాళ్ళ బాస్ పంపాడు నాన్నా. ఆ పాత హోటల్ కొనడానికి."

"మరి కొనకుండా చెట్టుకి దీపాలు కడుతుందేం?"

"కొనదు నాన్నా. చివరికి అక్కడే ఉండిపోతుంది."

"నువ్వు ముందే చూశావా?"

"లేదు. తెలిసిపోతుంది, బస్, అంతే."

మూడోరోజుకి పేపరు పక్కకు వెళ్ళిపోయింది. ఐదోరోజు ఆమెకు క్లాసు ఆలస్యమై రెండుంపావుకి వచ్చేసరికి టీవీ అప్పటికే నడుస్తోంది. "ఇంకా పెద్దగా ఏం జరగలేదులే. వాళ్ళమ్మ కేకు చేస్తోంది," అన్నాడు, తప్పుచేసి దొరికినవాడిలా చూపు తిప్పుకుంటూ.

ఆయన ఇంగ్లీషు ఫైళ్ళలో రాసే ఇంగ్లీషు. ఆ అమెరికా ఉచ్చారణ చెవికి అందేది కాదు. అందుకని ప్రతి రెండు నిమిషాలకీ "ఏమన్నాడు?" అని అడిగేవాడు. ఇంద్రాణి చెప్పేది. మామూలు మాటలైతే ఇబ్బంది లేదు. కానీ అవి ప్రేమ సినిమాలాయె. కన్నతండ్రికి ఆ మాటలు ఎలా చెప్పడం? పైగా అవి తెలుగులో ఎలా అంటారో ఆమెకు తెలియదు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. అమ్మ దగ్గర విన్నదే ఆమె తెలుగు. ఆ ఇంట్లో అలాంటి మాటలు ఎవరూ ఎవరితోనూ అనగా ఆమె వినలేదు.

ఒకరోజు సినిమాలో అబ్బాయి ఫోనులో అమ్మాయితో ఏదో అన్నాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నాడు?"

"అదే నాన్నా... మిస్ అవుతున్నాడట. తెలుగులో ఏమంటారో నాకు రావట్లేదు."

ఆయన టీవీ వైపే చూస్తూ, "నువ్వు లేకపోతే ఏం తోచటం లేదు, అంటారు," అన్నాడు.

ఇంద్రాణి తలతిప్పి తండ్రిని చూసింది. ఆయన గడ్డం మాసి ఉంది. భుజాల మీద అమ్మ శాలువా. ఆ శాలువా ఆయన ఎప్పటినుంచి కప్పుకుంటున్నాడో ఆమె గమనించనేలేదు. ఒలిచిన వేరుశనగ పప్పు గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది.

ఇరవైనాలుగో తారీకు ఉదయం ఏడింటికి అన్నపూర్ణేశ్వరి రైలు రావాలి. ఆమె ఎన్నిసార్లు ఊరెళ్ళి వచ్చినా ఆయన స్టేషనుకి వెళ్ళిన పాపాన పోలేదు. "ప్రీపెయిడ్ ఆటో ఉంటుందిగా" అనేవాడు. ఆ రోజు ఐదింటికే లేచి, గడ్డం గీసుకుని, కట్టు మీదికి దిగేలా పాత ప్యాంటు కుట్లు విప్పుకుని, ఊతకర్ర అందుకున్నాడు.

"ఎక్కడికి నాన్నా?"

"స్టేషనుకి. టాక్సీ పిలువు."

"ఈ కోహ్రాలోనా? డాక్టర్ కదలొద్దన్నాడు కదా!"

"రైలు దిగేసరికి ఎవరో ఒకరుండాలిగా," అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఎవరూ లేరన్న సంగతి ఇంద్రాణి గుర్తుచెయ్యలేదు.

కోహ్రా అంటే మామూలుది కాదు, ఎదురుగా పది అడుగుల దూరం కనబడని పొగమంచు. స్టేషను చేరేసరికి రైలు మూడు గంటలు ఆలస్యమన్నారు. పదింటికి అది ఆరు గంటలైంది. "ఇంటికెళ్ళి మళ్ళీ వద్దాం" అని ఆమె ఎంత బతిమాలినా ఆయన బెంచీ దిగలేదు. కట్టులోంచి బయటికి కనిపించే కాలివేళ్ళు చలికి నీలమెక్కుతుంటే ఇంద్రాణి తన మఫ్లరు విప్పి చుట్టింది. మట్టి గ్లాసుల్లో టీలు తాగారు. రెండు రొట్టెలు తిన్నారు. ఎప్పుడూ చెప్పనిది, తను మొదటిసారి ఢిల్లీలో దిగినప్పుడు ఒక్క హిందీ ముక్క రాక గంటసేపు ఇదే స్టేషనులో తిరిగిన సంగతి చెప్పాడాయన. ఆ రోజు చలికి స్వెట్టరు కూడా లేదట.

గడియారం రెండు చూపించింది.

"ఇవాళ సినిమా పోయింది," అన్నాడు.

రైలు నాలుగున్నరకి వచ్చింది. పెట్టె తలుపు దగ్గర రెండు సంచులతో, నలిగిన చీరతో అన్నపూర్ణేశ్వరి కనిపించింది. ప్లాట్‌ఫారం మీద కర్రమీద ఆనుకుని నిలబడ్డ భర్తను చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏమైంది? ఎవరికేమైంది? ఇంద్ర ఏదీ?" సంచులు అక్కడే పడేసి దిగిపోయింది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నా!"

"మరి మీరొచ్చారేమిటండీ? మా అన్నయ్య ఫోన్ చేశాడా? నిజం చెప్పండి!" ఆయన స్టేషనుకి రావడమంటే ఎవరో పోయి ఉండాలి, ఇంకో కారణమేదీ ఆమె ఊహకు అందలేదు.

భీమేశ్వరరావు నోరు తెరిచాడు. పొద్దుటినుంచీ మనసులో ఏదో కూడబలుక్కుంటున్నాడని ఇంద్రాణికి అనుమానంగానే ఉంది. అదేదో ఆ అరుపుల్లో చెదిరిపోయింది.

"ఎవరికీ ఏం కాలేదు. నిన్ను తీసుకెళ్దామని వచ్చాను, అంతే," అన్నాడు.

ఆమె అలాగే నిలబడి ఆయన్ను పైనుంచి కిందదాకా చూసింది. కాలికి చుట్టిన మఫ్లరు చూసింది. ఇక మొదలుపెట్టింది: విరిగిన కాలేసుకుని ఈ చలిలో వస్తారా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఆ పిల్లకైనా బుద్ధుండక్కర్లేదా... టాక్సీలో కూర్చున్నాక కూడా తిట్లు ఆగలేదు. ముందుసీట్లోంచి ఇంద్రాణి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తిట్లు తిడుతూనే అమ్మ ఆయన కాలు తన ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులతో వేళ్ళు రుద్దుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మర్నాటి నుంచి ఆ సినిమాలకు ముగ్గురయ్యారు. పచ్చి బఠానీలు ఒలుస్తూ కూర్చునే అన్నపూర్ణేశ్వరికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అయినా ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. "వీడు మంచివాడే, కానీ నోట మాట రాదు," అనేది తెరమీద అబ్బాయిని చూసి. ఎప్పుడూ తప్పేది కాదు. కట్టు విప్పేసినా, ఆ తర్వాత నాలుగు డిసెంబర్లు ఆయన పండగ వారంలో మిగిలిన సెలవులన్నీ పెట్టేవాడు. ఎందుకని ఆఫీసులో అడిగితే "ఇంట్లో పని" అనేవాడట.

ఆయన రిటైరయ్యాక ఢిల్లీలోనే ద్వారకలో ఫ్లాటుకి మారారు. కొత్తగా పెట్టించిన డిష్షులో ఆ ఛానెల్ రాలేదు. ఇంద్రాణికి అప్పటికి నోయిడాలో ఉద్యోగం. రెండువేల ఎనిమిది డిసెంబరులో ఒక శనివారం పాలికా బజారుకి వెళ్ళి ఆ సినిమాల కోసం సీడీల దుకాణాలన్నీ తిరిగింది.

"పేరు చెప్పండి దీదీ," అన్నాడు దుకాణదారు హిందీలో.

ఒక్క పేరూ గుర్తులేదు. "చిన్న ఊరు ఉంటుంది, ఒకమ్మాయి వస్తుంది, చివర్లో మంచు పడుతుంది," అంది. అతను పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

ఖాళీ చేతులతో మెట్రో ఎక్కి ఇంటికొచ్చింది. బాల్కనీలో ఎండకి అమ్మా నాన్నా పక్కపక్కన కుర్చీలేసుకుని కూర్చున్నారు. మధ్యలో నారింజ తొక్కలు.

"దొరికాయా?" అన్నాడాయన.

"లేదు నాన్నా."

ఆయన మొహం చిన్నబోయింది. ఇంద్రాణి బూట్లు విప్పి వాళ్ళ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. "ఒకటి నేను చెప్తా వినండి. ఒకమ్మాయి, పెద్ద కంపెనీలో ఉద్యోగం," అని తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఏ ఊళ్ళో?" అన్నాడు భీమేశ్వరరావు వెంటనే.

"మీరుండండి, దాన్ని చెప్పనివ్వండి," అంది అన్నపూర్ణేశ్వరి, ఒక నారింజ తొన ఆయన చేతిలో పెడుతూ.