క్లోరిన్ వైపు

ఉదయం క్లాసులో హైడ్రోజన్ క్లోరైడ్ పాఠం చెప్పాను. రెండు పరమాణువులూ ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకుంటాయి, కానీ క్లోరిన్‌కు తన వైపు లాక్కునే గుణం ఎక్కువ కాబట్టి ఆ జంట అటే జరిగి ఉంటుందన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"మరి హైడ్రోజన్ ఊరుకుంటుందా మేడం?"

"ఊరుకోక ఏం చేస్తుంది? బంధమేమీ తెగలేదుగా. కూర్చో," అని కసిరాను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, నా రెండేళ్ల కూతురు గడప తట్టుకుని నా ముందే పడింది. చేతులు చాచాను. అది లేచి నన్ను దాటుకుని, ఏడుస్తూ వంటగదిలో ఉన్న మా పెద్దాడపడుచు దగ్గరికి పరుగెత్తింది. నేను కాలేజీలో ఉన్నంతసేపూ దాన్ని చూసుకునేది ఆవిడే.

పిల్లను ఎత్తుకుని బయటికొచ్చిన వదిన నన్ను చూసి నొచ్చుకుంది. "అమ్మ వచ్చింది కదే, అమ్మ దగ్గరికి వెళ్ళు," అంటూ అందించబోయింది. పిల్ల ఒక చేత్తో ఆవిడ మెడను వదలకుండా, రెండో చేత్తో నా వేలు పట్టుకుంది.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామంటే ఒక్క కారణమూ దొరకలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆవిడ వెనక్కి తిరిగింది. భుజాన బ్యాగైనా దించకుండా, ఆ వేలు జారిపోకుండా చూసుకుంటూ, ఆవిడ వెనకే నడిచాను.