మూగ టైరు

భూపాలపల్లి బొగ్గు బాయి గేటు నుంచి జనగామ చౌరస్తా దాకా ధన్‌సింగ్‌కు ఉన్న చెవి ఇంకో డ్రైవరుకు లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఇనుప రాడ్డుతో టైరు మీద ఒక్క దెబ్బ వేసి, తల కొంచెం వంచి, గాలి ఎంత తగ్గిందో చెప్పేవాడు. ఒకసారి పరకాల దగ్గర తన ముందు నుంచి పోతున్న బస్సు చప్పుడు విని, "వెనక టైరుల మేకున్నది, ఆపుండ్రి" అని కేక వేస్తే, దిగి చూసిన డ్రైవరుకు నిజంగానే మేకు దొరికింది. అది ఏ దుకాణంలో కొన్న మేకో కూడా చెప్పాడని అంటారు గానీ, అంత నేను నమ్మను.

ఆ శుక్రవారం పొద్దు పొడవకముందే ధన్‌సింగ్ రాడ్డు పట్టుకొని లారీ చుట్టూ తిరుగుతున్నాడు. ఆరు టైర్ల పాత బండి. ముందరి రెండింటిని కొట్టాడు. ఠంగ్, ఠంగ్. వెనక జంట టైర్ల దగ్గర వంగి, సందులోంచి రాడ్డు దూర్చి లోపలిదాన్ని కొట్టాడు. లోపలి టైరు కంటికి సరిగా ఆనదు. గాలి పోయినా పక్కది మోస్తుంది కాబట్టి బండి కూడా చెప్పదు. కొట్టి అడగాల్సిందే. గాలి నిండుగా ఉంటే ఠంగుమంటుంది, లేకుంటే బొద్దుమని ఊరుకుంటుంది. అట్లా ఊరుకున్నదాన్ని ఆయన మూగ టైరు అంటాడు.

రాడ్డు మూరెడు ఉంటుంది. ఎప్పుడో జాకీ పిడి. పట్టుకునే చోట అరచేతి రాపిడికి నున్నబడి, పొద్దున వెలుతురులో ఆ కొస మేర మెరుస్తుంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, గట్టి. కిటికీ వైపు ఉండే కుడి చేయి ఎండకు మాడి నల్లబడింది, ఎడమ చేయి చామనఛాయలోనే ఆగిపోయింది. పక్కపక్కన పెడితే ఆ చేతులు ఇద్దరు మనుషులవి అనిపిస్తాయి. క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు వాచిపోయింది. మెడ చుట్టూ తువ్వాలు, మీసం మీద ఎప్పుడూ కొంచెం బొగ్గు. కూర్చోమంటే కూర్చోలేడు. నర్మెట్ట దగ్గరి తండాలో సొంత ఇల్లున్నా, పెళ్లయిన ముప్పై మూడేళ్లలో ఆ ఇంట్లో వరసగా నాలుగు రాత్రులు పడుకున్నది రెండుసార్లే: ఒకసారి కామెర్లు వచ్చి, ఒకసారి లారీల సమ్మె వచ్చి. మంచం కదలకపోతే నిద్ర పట్టదంటాడు. భార్య కమలాబాయి లారీని "నా సవతి" అంటుంది. కేబిన్ నుదుటి మీద ఎర్రరంగుతో 'కమల' అని రాయించి తెచ్చిన రోజున కూడా, "సవతికి నా పేరే దొరికిందా?" అన్నది.

బొగ్గు మీద పరదా కప్పి, తాడు తనే గుంజి కట్టుకొని బయలుదేరాడు. అది ఆ లారీకి ఆఖరి లోడు. కనీసం ఆయన అట్లా అనుకుంటున్నాడు. అంతకుముందు రెండుసార్లు కూడా అట్లాగే అనుకున్నాడు.

సంగతి ఇది. పోయిన ఏడు కమలాబాయి కిడ్నీలు పనిచేయడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు జనగామ దవాఖానలో నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. మిషన్‌కు రక్తం పోయేందుకు ఎడమ మోచేతి దగ్గర ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపారు. అక్కడ వేళ్లు పెడితే లోపల ఏదో గుర్రుమంటూ తిరుగుతున్నట్టు తెలుస్తుంది. రోజూ పొద్దున తాకి చూసుకోండి, ఆ గుర్రు ఆగితే పరుగెత్తి రండి, ఆ చేతి మీద బరువు పడొద్దు, ఎవరూ గుంజొద్దు అని నర్సు చెప్పింది.

పోయేటప్పుడు బస్సు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడే ఒంట్లో సత్తువ ఉండదు. సోమవారం తిరుగు బస్సులో కళ్లు తిరిగి, ఎవరో తెలియని ఆడమనిషి ఒళ్లో తల పెట్టి నర్మెట్ట దాకా వచ్చింది. "ఎవరో ఏమో, మల్లెపూలు పెట్టుకున్నది. మంచిగ వాసనొచ్చింది" అని చెప్పింది తప్ప ఇంకో మాట అనలేదు. తిట్టి ఉంటే ధన్‌సింగ్‌కు ఆ రాత్రి కొంత నిద్ర పట్టేది.

లారీలో తీసుకుపోవచ్చు గదా అని మీరంటారు. తీసుకుపోయాడు, ఒక్కసారి. కేబిన్ ఎక్కాలంటే రెండు చేతులతో కమ్మీ పట్టుకొని ఒంటిని పైకి గుంజుకోవాలి. ఆమె సగంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్లు క్లీనర్లను ఎట్లా గుంజాడో అట్లా, పైనుంచి వంగి, అందిన చేయి పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆ చేయే. రెండు రోజులు వాచింది. ఆ రెండు రోజులూ గంటకోసారి వేళ్లు పెట్టి చూశాడు. గుర్రు ఆగలేదు. ఆయన నిలబడ్డ చోట నిలబడలేదు.

మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, పాత బండ్లు మార్పిడి చేసే ఇక్బాల్ ఉన్నాడు. లారీ ఇచ్చి చిన్న కారు తీసుకునే మాట ఖాయమై నెల దాటింది. బాయి దగ్గర ఇప్పుడు పెద్ద టిప్పర్లకే పిలుపు; ముసలి లారీని మేపడం ధన్‌సింగ్ వల్ల కావడం లేదు. కారుకు తిండి తక్కువ. అన్నీ తెలుసు. రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ లారీతోనే తిరిగి వచ్చాడు. తాళాలు ఇచ్చే ముందు రాడ్డుతో లోపలి టైరును కొట్టి, తల అడ్డంగా ఊపి, "మూగగున్నది. మూగ టైరుతోని బండి చేతులు మారొద్దు, శకునం కాదు" అన్నాడు. ఆ శకునం ఏ పంచాంగంలో ఉందో ఇక్బాల్‌కు తెలియదు. ధన్‌సింగ్ చెవి పేరు విన్నవాడు కాబట్టి నోరు మూసుకున్నాడు.

కేసముద్రం పక్కన ఇటుక బట్టీలో కూలీలు బొగ్గు దించుతుంటే ధన్‌సింగ్ బట్టీ చుట్టూ ఐదు చుట్లు తిరిగాడు. జేబులో ఫోను అదిరింది. ఎడమ చెవికి పెట్టుకున్నాడు. ఆలుమగలు తండా భాషలోనే మాట్లాడుకుంటారు. మీకోసం తెలుగు చేస్తున్నాను.

"బస్సెక్కిన" అన్నది కమలాబాయి.

"సీటు దొరికిందా?"

"దొరికింది. మల్లెపూలామె ఇయ్యాల రాలే. నువ్వు ఎందులొస్తవ్?"

"కారుల."

"మొన్న గుడ గట్లనే అన్నవ్. నాలుగింటికి బయటికొస్త. గేటు ముంగట నా సవతి కనవడ్డదనుకో, సప్పుడు చెయ్యకుంట పోయి బస్సెక్కుత."

"గేటు ముంగట లారీలు నిలవనియ్యరే."

"నిలవనియ్యకుంటే తీస్కరాకు" అని ఫోను పెట్టేసింది.

మానుకోట చేరేసరికి పదకొండున్నర. ఇక్బాల్ జుమ్మా నమాజుకని తెల్లబట్టలు వేసుకొని, అత్తరు పూసుకొని, బొగ్గు దుమ్ముకు భయపడి లారీకి దూరంగా నిలబడ్డాడు. నలభై ఏళ్ల బక్కపలుచని మనిషి. పక్కనే చిన్న తెల్ల కారు. దాని సీటు ధన్‌సింగ్ మోకాలికి జానెడు పైన ఉంటుంది. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. ఆ కొలత ఆయన మొదటిసారి వచ్చినప్పుడే చూసుకున్నాడు.

"జల్ది కానియ్యి అన్నా. నమాజుకు పోవాలె."

ధన్‌సింగ్ కాగితాల మీద సంతకాలు పెట్టాడు. తువ్వాలుతో అద్దం తుడిచాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు. రాడ్డు తీసుకొని వెనక్కి నడిచాడు. ఇక్బాల్‌కు పోయిన రెండుసార్లూ గుర్తుకొచ్చాయి. కుచ్చిళ్లు తడవకుండా వాగు దాటే ఆడమనిషిలా పైజామా ఎత్తి పట్టుకొని వెంట పోయి, కుడి పక్కన నిలబడి, "అన్నా" అన్నాడు. పలుకు లేదు. "అన్నా, చాయ్ తాగుతవా?" లేదు. మూడోసారి ఇంకొంచెం దగ్గరికి జరిగి, "ధన్‌సింగన్నా, నీ లుంగీకి నిప్పంటుకున్నది" అన్నాడు. ధన్‌సింగ్ వంగి, లోపలి టైరును కొట్టి, తల అడ్డంగా ఊపుతూ లేచాడు.

"ఏం జేద్దుమే ఇక్బాలూ. మూగగున్నది."

ఇక్బాల్ చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు.

"అన్నా, నీ పక్కన నిలవడి మూడుసార్లు పిల్సిన. నిప్పంటుకున్నదని గుడ చెప్పిన. నేను వినవడలే గని, టైరు వినవడ్డదా?"

ధన్‌సింగ్ ముందు తన లుంగీ వైపు చూసుకున్నాడు. తరువాత ఇక్బాల్ వైపు చూశాడు. మీసం కింద నవ్వు ఆగలేదు.

చెవి గురించి మొదట్లో అంత గొప్ప ఎక్కించింది నేనే కాబట్టి, దించాల్సింది కూడా నేనే. కిటికీ పక్కన గాలి, హారన్లు, ఇంజిన్ మోత పడీ పడీ ఆ కుడి చెవి పోయి ఆరేళ్లయింది. ఎడమది కూడా సగమే. టైరు సంగతి ఆయనకు చెప్పేది రాడ్డు. గాలి ఉంటే అరచేతిలో ఎగిరి పడుతుంది, లేకుంటే చచ్చిన చేపలా ఊరుకుంటుంది. తల వంచడం చూసేవాళ్ల కోసం.

"మరి పరకాల మేకేందన్నా?"

"ఎండ పడి మెరిసిందిరా. కండ్లు మంచిగనే ఉన్నయ్ గద."

"అయితే ఇప్పుడు చెప్పు. టైరుల గాలి ఉన్నదా లేదా?"

ధన్‌సింగ్ రాడ్డును కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ కొట్టలేదు.

"ఉన్నది" అన్నాడు. "మొదటిసారి గుడ ఉండె."

తాళాలు ఇచ్చేశాడు. కారులో కూర్చున్నాడు. రోడ్డు మీద చతికిలబడినట్టుగా ఉంది. చూపు పైకెత్తితే తప్ప ఆకాశం కనిపించడం లేదు. ఇక్బాల్ వంగి ఎడమ కిటికీలోంచి గేర్లు చూపిస్తుంటే, కాళ్ల కింద నేల అదిరింది. ఏదో పెద్ద బండి పోతున్నదనుకున్నాడు. సీటు ముందుకు జరుపుకొని, అద్దం సరిచేసుకొని, అందులో చూశాడు. లారీ ఉన్న చోట ఆయిలు మరక, నాలుగు బొగ్గు పెళ్లలు ఉన్నాయి. ఇక్బాల్ దగ్గర లారీ కొన్నవాళ్ల డ్రైవరు దాన్ని ఖమ్మం తోలుకుపోయాడు. కుడి పక్క నుంచే పోయింది.

"చెప్పి పోదామనుకున్నరన్నా" అన్నాడు ఇక్బాల్. "నేనే వద్దన్న."

తొర్రూరులో చాయ్ తాగి, అలవాటుగా కారు చుట్టూ తిరగబోయాడు. చేయి రాడ్డు కోసం వెతికింది. అది ఇక్బాల్ దుకాణంలోనే మరిచిపోయాడు. కాలితో ఒక టైరును తన్ని చూశాడు. అది ఏమీ చెప్పలేదు.

మూడున్నరకే జనగామ దవాఖాన గేటు ముందు కారు పెట్టాడు. దిగాడు, ఎక్కాడు, దిగాడు. బస్టాండు దాకా పోయి వచ్చాడు. నాలుగూ పదికి కమలాబాయి గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. సన్నటి ముఖం, నుదుటి మీద చెమటకు కరిగిన బొట్టు, ఎడమ చేతికి పట్టీ. తల ఎత్తి రోడ్డు మీద ఎత్తుగా ఉన్నవన్నీ వెతికింది. లారీ కనిపించలేదు. హారన్ కొట్టాడు. ఆమె కిందికి చూసింది.

"గిదేం హారన్? మేకపిల్ల ఒర్రినట్టు."

తలుపు తీశాడు. ఆమె కూర్చుంది. చేయి పట్టుకోవాల్సిన పనే పడలేదు. కాళ్లు లోపలికి తీసుకొని, తల వెనక్కి ఆనించి, కళ్లు మూసుకుంది. ఆయన మంచి చెవి వైపే కూర్చుంది కాబట్టి ఆమె ఊపిరి కూడా వినిపిస్తున్నది.

"నీది దానిది పాతికేండ్ల సంసారం. నా సవతి ఏడ్సిందా?"

"ఏమో. నాకు వినవడలే."

"రాడ్డేది? నీ చేతుల లేకుంటే ఎట్లనో ఉన్నది."

"మర్చిపోయిన."

"మంచిగైంది. లేకుంటే నన్ను గుడ కొట్టి చూద్దువు."

ధన్‌సింగ్ పట్టీకి కొంచెం పైన, ఆమె చేతి మీద అరచేయి పెట్టాడు. చర్మం కింద సన్నగా, ఆగకుండా, గుర్రుమంటూ తిరుగుతున్నది.

"నడుస్తున్నదా?" అని కళ్లు తెరవకుండానే అడిగింది.

"నడుస్తున్నది."

వెనక నుంచి ఎవరో జరగమని హారన్ కొట్టారు. వినపడిందో లేదో, ఆయన చేయి తీయలేదు, బండి తీయలేదు.

ఇంత చెప్పినవాడు ఎక్కడో ఒకచోట అతుకు వేసే ఉంటాడని మీకు అనుమానం ఉంటుంది. వేశాను, ఒక్కటే. రాడ్డు మరిచిపోయాడని రాశాను. ఆయన కమలాబాయితో అన్న మాటనే పట్టుకొని అల్లాను గానీ, మరిచిపోలేదు. తాళాలు ఇచ్చాక దాన్ని తువ్వాలుతో తుడిచి, దుకాణం గోడకు ఆనించి, జారిపోకుండా కింద చిన్న రాయి పెట్టి మరీ వచ్చాడు. ఇక్బాల్ చెబితే తెలిసింది. మొన్న మానుకోట పోయినప్పుడు నేనూ చూశాను. అక్కడే ఉంది. కింది కొస తుప్పు పట్టింది. పట్టుకునే చోట మాత్రం, నాలుగు వేళ్ల వెడల్పున, ఇంకా నున్నగా మెరుస్తున్నది.