ఫోటో దిగే పూట

ఫెలిసిందా మేకలు గ్యాసు ట్యాంకు కింది పల్లంలో కాళ్ళు బిగుసుకుపోయి పడున్నాయి. గాలి ఆడని పొద్దుట జరిగిందది. ఊరంతా కంచె దగ్గర మూగింది. చమురు కంపెనీ ఇంజినీరు లార్రాల్దే కారు దిగి, ఫోను ఎత్తి అందరికీ చూపించాడు.

"చూడండమ్మా, ఉపగ్రహం తీసిన బొమ్మ! గ్యాసు బయటికొస్తే ఎర్రగా పడుతుంది. ఎక్కడన్నా ఎరుపుందా? రాష్ట్ర ఆఫీసుకీ ఇదే బొమ్మ వెళ్ళింది. మీ మేకలు ఏ పిచ్చి మొక్కో తినుంటాయి."

నెవ్‌కెన్ అనే ఆ చమురు బయళ్ళలో కంపెనీ మాట ఎవడూ నమ్మడు. ఆకాశం చెప్పినదానికి మాత్రం ఎదురేం చెబుతారు?

"పైనున్నదానికి లంచమెవడిస్తాడ్లే" అంది ఫెలిసిందా, చచ్చిన మేక చెవి నిమురుతూ.

ఆమె మేనల్లుడు ఇరినియో గుంపు వెనక తల దించుకున్నాడు. తన డ్యూటీలో ఆ ట్యాంకు వాల్వు తిప్పేది వాడే. గ్యాసును కాల్చే మంట గొట్టం ఎప్పుడో పాడైంది. బాగుచేయించడం దండగని, కాల్చకుండానే గాలిలోకి వదలమంది కంపెనీ. ఆ బొమ్మలు అమ్మే వ్యాపారి దగ్గర కొనేదీ ఈ కంపెనీయే. అందుకే ఉపగ్రహం నెత్తిమీదికి ఎప్పుడొస్తుందో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది. లార్రాల్దే ఫోను చేస్తాడు: "ఇరినియో, ఫోటో దిగే వేళైంది, మొహం కడుక్కో!" వీడు నవ్వి వాల్వు మూసేవాడు. అది దాటిపోగానే తెరిచేవాడు. ఛీ, ఎంత సులువు పని! మూసినందుకు కన్నా, అలా నవ్వినందుకు వాడికిప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

సాయంత్రం యూనియన్ పాకలో మాతే అనే ఆకు కషాయం చేతులు మారుతోంది. సొరబుర్ర ఒకటే, పీల్చే గొట్టం ఒకటే, పీల్చేది అందరూ. ఫెలిసిందా వేణ్ణీళ్ళు పోసి అందిస్తోంది. అక్కడ థాంక్స్ అంటే ఇక చాలు, నన్ను వదిలెయ్యండని అర్థం. బుర్ర చేతికి రాగానే ఇరినియో వెనక్కిచ్చేశాడు.

"థాంక్స్ అత్తా."

"గుక్కైనా తాగకుండానేనా? ఏమైందిరా?"

"సిగ్గుగా ఉందత్తా. నీ మేకల్ని చంపింది నేనే." అంతా చెప్పేశాడు.

తోటి కార్మికుడు రుఫినో దిగ్గున లేచాడు. "నోరు మూసుకోలేకపోయావా? రేపు చమురు బావి మూసేస్తే మా పిల్లలకి నీ సిగ్గు వండిపెట్టాలా?"

"నా మేకల్ని వండిపెట్టు నాయనా. పల్లంలో బోలెడున్నాయి" అంది ఫెలిసిందా.

రుఫినో కూలబడి, "నా డ్యూటీలో నేనూ మూశాను" అన్నాడు. "నేనూ" అన్నాడు ఇంకొకడు. అలా ఒక్కొక్కడే ఒప్పుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"పదండి, బద్దలుకొడదాం!" అని ఎవరో అరిచారు.

"ఏదీ బద్దలుకొట్టక్కర్లేదు" అన్నాడు ఇరినియో. "ఆ పూట మూయకుండా ఉంటే చాలు. వాళ్ళు డబ్బిచ్చి కొన్న కన్నే వాళ్ళని పట్టిస్తుంది."

"ఆ బొమ్మని రాష్ట్ర ఆఫీసులో తొక్కేస్తారు" అన్నాడు రుఫినో.

"ఊరంతా కంచె దగ్గర సాక్షిగా నిలబడితే ఎలా తొక్కుతారు?"

ఆ పూట రానే వచ్చింది. గ్యాసు మీదికి రాకుండా గాలి వచ్చే వైపున ఊరు బారులు తీరింది. వాల్వు డ్యూటీ ఫోను మోగింది.

"మొహం కడుక్కో!"

"కడుక్కోం సార్. ఈసారి ఉన్న మొహంతోనే దిగుతాం" అన్నాడు ఇరినియో.

లార్రాల్దే పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. వాల్వు వైపు పరుగెత్తాడు గానీ, కార్మికులు చేతులు కలిపి అడ్డంగా నిలబడ్డారు. రుఫినో అందరికంటే ముందున్నాడు. లాఠీలు పడ్డాయి, చేతులు విడలేదు. ఉపగ్రహం ఎవరికీ కనబడలేదు. వాచీ చూసుకున్న లార్రాల్దే మొహం పాలిపోతే, దాటిపోయిందని అందరికీ తెలిసింది.

పోలీసులు ఇరినియోని వ్యానులో పడేశారు. ఫెలిసిందా జనాన్ని తోసుకొచ్చి ఊచల్లోంచి మాతే బుర్ర అందించింది. వాడు అడుగంటా పీల్చి ఖాళీ బుర్ర తిరిగిచ్చాడు. థాంక్స్ అనలేదు.

వ్యాను కదిలాక ఆమె మళ్ళీ నీళ్ళు పోసి రుఫినోకిచ్చింది. డ్యూటీ ఇక వాడిది. పక్కన ఆ డ్యూటీ ఫోను మోగుతూనే ఉంది. వాడు దాన్ని ఎత్తకుండా తాపీగా తాగుతూ కూర్చున్నాడు.